పసుపు తీగ, ఎర్ర తీగ

జనగామలో చిన్నాయనది ఫోటో స్టూడియో. ఆయన హార్డ్‌డ్రైవ్ పవర్ కనెక్టర్‌లో ప్లాస్టిక్ నాలుక విరిగి, 15 సన్నటి కాంటాక్టులు బయటపడ్డాయి. వాటికి నేరుగా తీగలు సోల్డర్ చెయ్యొచ్చు. "ఇంజనీర్‌వి గదరా, నువ్వే చెయ్" అన్నాడు.

నేను రాసేది సాఫ్ట్‌వేర్. పసుపు తీగలో 12 వోల్టులు, ఎర్రదాంట్లో 5. తారుమారైతే బోర్డు కాలిపోవచ్చు. అందులో ఊళ్లోవాళ్ల పెళ్లి ఫోటోలున్నాయి, ఇంకో కాపీ లేదు. ఇది చెప్పకుండా మొదలుపెడితే ఆయన ఒప్పుకున్నట్టేనా? ఆయన నమ్మింది నా డిగ్రీని. ఆ పెళ్లిళ్లవాళ్లనైతే ఎవరం అడగనే లేదు.

చెప్పాను. హైదరాబాద్‌లో డేటా రికవరీ వాళ్లకిద్దామన్నాను. కాసేపాగి, "నీదైతే ఏం జేస్తవ్?" అన్నాడు.

నాదైతే ఈపాటికే సోల్డరింగ్ అయిపోయేది. ఆ మాట పైకి అనలేకపోయాను. డ్రైవ్ ఇంకా బల్లమీదే ఉంది.