వలస వచ్చినవానికి ఒక సోదరుడు కావాలి

 

వలస మన ఇళ్ళకు కొత్త విషయం కాదు. కడప నుంచి కువైట్ వెళ్ళినవారు, హైదరాబాద్ పాతబస్తీ నుంచి జిద్దాకో దుబాయికో వెళ్ళినవారు, చదువుల కోసం జర్మనీ, అమెరికా చేరిన పిల్లలు మన బంధువర్గంలో ఎందరో ఉన్నారు. పల్లె వదిలి పట్నంలో అద్దె గదిలో ఉంటున్న కుర్రవాడు కూడా ఒక విధంగా వలసదారుడే. పని దొరికిందా, జీతం వచ్చిందా, పరీక్ష పాసయ్యాడా అని మనం అడుగుతూనే ఉంటాం. కానీ అక్కడ వాడు ఎవరితో కలిసి భోజనం చేస్తున్నాడు, మనసు బాగాలేనప్పుడు ఎవరి దగ్గరికి వెళుతున్నాడు, ధర్మం విషయంలో సందేహం వస్తే ఎవరిని అడుగుతున్నాడు అని మాత్రం సాధారణంగా అడగం.

మనం అడగని ఈ ప్రశ్నలను వాడిని అడిగేవారు వేరే ఉంటారు. ఐసిస్ అనే ముఠా 2014లో తనను తాను ఖిలాఫత్‌గా ప్రకటించుకుని, ఇంటర్నెట్ ద్వారా ఎన్నో దేశాల యువకులను పిలిచింది. ఆ పిలుపుకు లోబడినవారు అందరూ పేదలు కారు, చదువులేనివారూ కారు. తమకంటూ ఎవరూ లేరనే బాధ, ముస్లిములకు అన్యాయం జరుగుతోందనే ఆవేదన, ధర్మ జ్ఞానంలో లోటు చాలామందిలో కలిసి కనిపించాయి. ఆ ముఠా చేతిలో హతులైనవారిలో ముస్లిములే ఎక్కువమంది. ఒక నిరపరాధిని చంపడం సమస్త మానవాళిని చంపడంతో సమానమని మాయిదా సూరా బోధిస్తున్నా, వారు ఖుర్ఆన్ పేరుతోనే ఆ పాపానికి ఒడిగట్టారు.

మరి ఒంటరివానిని కాపాడుకునే మార్గం ఏమిటి? ఇస్లాం చరిత్ర తొలినాళ్ళలోనే దానికి సమాధానం ఉంది.

మదీనాలో తొలి ఏర్పాటు

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా నుంచి మదీనాకు హిజ్రత్ చేశారు. ఇల్లూ వాకిలీ, ఆస్తిపాస్తులు వదిలేసి వచ్చిన ముహాజిర్లు ఆ ఊరికి కొత్తవారు. అక్కడి అన్సారులు వ్యవసాయదారులు, వచ్చినవారు వ్యాపారులు. అలవాట్లు వేరు, వంశాలు వేరు. అప్పుడు దైవప్రవక్త (స) ఏం చేశారు? అందరూ కలిసిమెలిసి ఉండండి అని ఒక ప్రసంగం చేసి ఊరుకోలేదు. హజ్రత్ అనస్ (రజి) ఇంట్లో వారిని సమావేశపరచి, ఒక్కొక్క ముహాజిర్‌ను పేరు పెట్టి ఒక్కొక్క అన్సారీకి సోదరునిగా చేశారు. ఇలా జత కలిసినవారు సుమారు 90 మంది అని సీరత్ గ్రంథకర్తలు రాశారు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన సఅద్‌కు శుభం కలగాలని దుఆ చేసి, తనకు బజారుకు దారి మాత్రం చూపమన్నారు. అక్కడ జున్ను, నెయ్యి అమ్మి, కొద్ది కాలంలోనే సొంత సంసారం ఏర్పరచుకున్నారు. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఊరివాడు తలుపు తెరవాలి. వచ్చినవాడు భారం కాకుండా తన కాళ్ళ మీద నిలబడాలి. తాము ఇబ్బందుల్లో ఉండి కూడా వలస వచ్చినవారికే ప్రాధాన్యమిచ్చిన అన్సారులను అల్లాహ్ హష్ర్ సూరాలో ప్రశంసించాడు.

సోదరుడే అతివాదాన్ని ఆపాడు

ఈ సోదరత్వం అన్నవస్త్రాల కోసం మాత్రమే కాదు. పర్షియా నుంచి సత్యాన్వేషణలో బయలుదేరి, దారిలో బానిసగా అమ్ముడై మదీనా చేరిన హజ్రత్ సల్మాన్ (రజి)ను హజ్రత్ అబుద్దర్దా (రజి)కు సోదరునిగా చేశారు. సల్మాన్ ఒకరోజు ఆయన ఇంటికి వెళితే, ఆయన భార్య అలంకరణ లేకుండా మాసిన బట్టల్లో కనిపించారు. అబుద్దర్దా పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు అంటూ సంసారాన్నే మరచిపోయారని తెలిసింది.

సల్మాన్ ఏం చేశారు? నీవు తినకపోతే నేనూ తినను అని పట్టుబట్టి ఆయన చేత నఫిల్ ఉపవాసం విరమింపజేశారు. రాత్రి నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. తెల్లవారుజామున ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకూ, శరీరానికీ, ఇంటివారికీ ఎవరి హక్కు వారికి ఇవ్వాలని నచ్చజెప్పారు. సంగతి దైవప్రవక్త (స) దగ్గరకు వెళ్ళినప్పుడు, సల్మాన్ చెప్పిందే నిజమన్నారు. ఇది బుఖారీ గ్రంథంలో ఉన్న హదీసు.

ఆరాధనలో హద్దు మీరడం అబుద్దర్దా ఇంట్లో కనబడింది కాబట్టి సరిదిద్దడం సాధ్యమైంది. ఆయన ఇంటికి చొరవగా వచ్చి, పక్కన కూర్చుని భోంచేసే సోదరుడు ఉన్నాడు కాబట్టే కనబడింది. ఒంటరి గదిలో ఉన్న మన పిల్లవాడిలో ఇలాంటి మార్పు వస్తే ఎవరు గమనిస్తారు?

హరూరాలో సంభాషణ

మార్పు గమనించేసరికే ఆలస్యమైతే? దీనికీ సహాబాల మార్గం ఉంది. హిజ్రీ 37లో సిఫ్ఫీన్ యుద్ధం తర్వాత కొన్ని వేలమంది హజ్రత్ అలీ (రజి)ని విడిచి హరూరాలో చేరారు. వారే ఖవారిజ్‌లు. గొప్ప ఆరాధకులే, కానీ తమతో ఏకీభవించని ముస్లిములను అవిశ్వాసులనేవారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) స్వయంగా వారి మధ్యకు వెళ్ళారు. ముందు వారి అభ్యంతరాలేమిటో అడిగారు. వారు మూడు చెప్పారు. మూడింటినీ పూర్తిగా విని, ఒక్కొక్కదానికి ఖుర్ఆన్, సున్నత్‌ల నుంచే జవాబిచ్చి, ఈ సందేహం తీరిందా అని అడిగి మరీ తరువాతి దానికి వెళ్ళారు. ఆనాడు వేలాదిమంది తిరిగి వచ్చారని ఉల్లేఖనాలున్నాయి.

మిగిలినవారి విషయంలో కూడా హజ్రత్ అలీ (రజి) తొందరపడలేదు. మస్జిదుల నుంచి మిమ్మల్ని ఆపము, ప్రభుత్వ నిధిలో మీ వాటా నిలపము, మీరు మొదలుపెట్టనంతవరకు మీతో యుద్ధం చేయము అని హామీ ఇచ్చారు. కానీ వారు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఖబ్బాబ్‌ను, గర్భిణి అయిన ఆయన భార్యను హతమార్చినప్పుడు ఉపేక్షించలేదు. అభిప్రాయానికి సంభాషణ, హత్యకు చట్టం. ఈ తేడాను ఆయన చివరివరకు పాటించారు. హిజ్రీ 40లో ఒక ఖారిజీ చేతిలోనే షహీద్ అయ్యారు.

నేటి నగరాల అనుభవం

ఒక్కొక్కరికి ఒక తోడు, దారి తప్పినవానితో సంభాషణ అనే ఈ రెండు సూత్రాలూ నేటికీ పనిచేస్తాయి. బెల్జియంలో మెఖెలెన్ అనే నగరం ఉంది. వందకు పైగా దేశాల మూలాలున్న ప్రజలు అందులో నివసిస్తున్నారు. అక్కడ కొత్తగా వచ్చిన వలసదారునికి ఒక స్థానికుణ్ణి జత చేస్తారు. ఇద్దరూ కలుసుకుంటారు, భాష మాట్లాడుకుంటారు, ఊరిని తెలుసుకుంటారు. పొరుగున ఉన్న విల్‌వోర్డ్ అనే చిన్న పట్టణం నుంచి పాతికమందికి పైగా సిరియా వెళ్ళిన కాలంలో తమ ఊరి నుంచి ఎవరూ వెళ్ళలేదని మెఖెలెన్ పాలకులు చెప్పారు.

డెన్మార్క్‌లోని ఆర్‌హుస్ నగరం నుంచి 2012, 2013 సంవత్సరాలలో సుమారు 30 మంది యువకులు సిరియా వెళ్ళారు. వారిలో ఎక్కువమంది ఒకే మస్జిద్‌కు వచ్చేవారు. ఆ మస్జిద్‌ను మూసేయాలని కొందరు నాయకులు కోరారు. నగరపాలక సంస్థ, పోలీసులు మాత్రం మస్జిద్ పెద్దలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. నేరం చేయనివానికి ఒక మార్గదర్శకుణ్ణి, చదువుకో ఉద్యోగానికో సాయం ఇచ్చారు. నేరం చేసినవానికి చట్టం వర్తించింది. 2014లో వెళ్ళినవారి సంఖ్య ఒకటికి తగ్గిందని అక్కడి పోలీసులు ప్రకటించారు.

మన హైదరాబాద్‌లోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. 2014లో ఐసిస్‌లో చేరాలని బయలుదేరిన కొందరు యువకులను కోల్‌కతాలో ఆపి, కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకు అప్పగించారు.

అయితే ప్రతి ముస్లిం పిల్లవాడినీ అనుమానంతో చూసే కార్యక్రమం ఈ మేలు చేయదు. అనుమానం పిల్లవాడిని ఇంకా ఒంటరివాడిని చేస్తుంది. హుజురాత్ సూరా దురనుమానాన్నీ, కూపీలు లాగడాన్నీ నిషేధించింది కూడా ఇందుకే.

మన బాధ్యత

తల్లిదండ్రులారా! కొడుకు ఉన్నట్టుండి పాత స్నేహితులను వదిలేసి, ఇంట్లోవాళ్ళందరినీ అవిశ్వాసులంటున్నాడా? రహస్య సంభాషణల్లో మునిగిపోయాడా? నలుగురిలో పరువు పోతుందని దాచిపెట్టకండి, ఇంట్లోంచి వెళ్ళిపొమ్మని గద్దించకండి. వాడి మాట పూర్తిగా వినండి. జ్ఞానవంతుడైన ఆలిమ్ వద్ద కూర్చోబెట్టండి. వాడు ఎవరికైనా హాని తలపెట్టాడని తెలిస్తే అధికారులకు చెప్పడం ద్రోహం కాదు. దౌర్జన్యం చేసే సోదరునికి సాయం చేయడమంటే వాడి చేయి పట్టుకుని ఆపడమేనని దైవప్రవక్త (స) నేర్పారు.

మస్జిద్ కమిటీ పెద్దలారా! జుమా నమాజులో కొత్త ముఖం కనబడితే సలాముతో సరిపెట్టకండి. పేరు అడగండి, ఒక కుటుంబానికి పరిచయం చేయండి. ప్రశ్న అడిగిన కుర్రవాడిని కసరకండి. వాడి ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకకపోతే, సెల్‌ఫోన్‌లో ఎవరో అపరిచితుడు చెబుతాడు.

పరదేశంలో ఉన్న బిడ్డలారా! వీసా తీసుకుని ఒక దేశంలో అడుగుపెట్టడం ఒక ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమన్నది మాయిదా సూరా తొలి ఆయతులోని ఆజ్ఞ. హజ్రత్ జాఫర్ (రజి) బృందం క్రైస్తవ రాజు నజాషీ ఏలుబడిలో ఏళ్ళ తరబడి నివసించింది. వారు ధర్మాన్ని వదలలేదు, ఆశ్రయమిచ్చిన దేశానికి ద్రోహమూ చేయలేదు. పొరుగువారి భాష నేర్చుకోండి, వారి కష్టసుఖాల్లో పాలుపంచుకోండి.

ఈ వారమే మన వీధిలో, మన మస్జిద్‌లో, లేదా దూరదేశంలో ఒంటరిగా ఉన్న ఒక్క పిల్లవాడికైనా సోదరులమవుదాం.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని అతివాదం నుంచి, ఒంటరితనం నుంచి కాపాడు. మాకు అన్సారుల హృదయాలను, సల్మాన్ గారి వివేకాన్ని ప్రసాదించు. ఆమీన్.