నా రక్తం నాదేనా?

కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక యువకుడు నా గదికి వచ్చి బల్లమీద ఒక కాగితం పెట్టాడు. అతనిది చందర్లపాడు దగ్గరి పల్లె. భార్య స్వయానా మేనమామ కూతురు. వారి నాలుగేళ్ళ బిడ్డకు పుట్టుకతో వచ్చిన రక్తపు జబ్బు ఉంది. నందిగామలో చూపించారు, విజయవాడలో చూపించారు, చివరకు హైదరాబాదు చేరారు. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి రక్తం నుంచి తెలిసిన జన్యు సమాచారాన్ని పరిశోధకుల ఉమ్మడి భాండాగారంలో ఉంచడానికి సమ్మతమైతే సంతకం చేయమని అక్కడివారు ఆ కాగితం ఇచ్చారు.

"సంతకం పెట్టకపోయినా వైద్యం ఆగదన్నారు ఫాదర్‌గారూ. కానీ మా అమ్మ భయపడుతోంది. మనవడి రక్తాన్ని అమ్ముకుంటారేమోనంటోంది. పెట్టమంటారా, వద్దంటారా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వారి పెళ్ళికి రక్తసంబంధ అభ్యంతరం నుంచి మినహాయింపు కోరుతూ పీఠాధిపతులవారికి ఉత్తరం రాసినవాణ్ణి నేనే. ఆ సంగతి అతను ఎత్తలేదు. నాకు మాత్రం గుర్తుకొచ్చింది. వారం ఆగి రమ్మన్నాను. ఆ వారంలో నేను చదివిందీ, ఆలోచించిందీ మీతో పంచుకుంటున్నాను. ఎందుకంటే ఇలాంటి కాగితం రేపు మీ ఇంటికీ రావచ్చు.

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ సుమారు 300 కోట్ల అక్షరాల రాత ఉంటుంది. తండ్రి నుంచి ఒక ప్రతి, తల్లి నుంచి ఒక ప్రతి వస్తాయి. కొన్ని జబ్బులకు కారణమైన తప్పు ఒక ప్రతిలోనే ఉంటే మనిషికి ఏమీ కాదు. తల్లిదండ్రులిద్దరిలోనూ అదే తప్పు దాగి ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తరతరాలుగా ఒకే బంధువర్గంలో పెళ్ళిళ్ళు జరిగే మన ప్రాంతాల్లో ఈ తప్పు ఏమిటో తెలియాలంటే ఒక్క ఇంటివారి రాత చూస్తే చాలదు. వేలమంది రాతలు పక్కపక్కన పెట్టి పోల్చాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆపరేషన్ సమయంలో కండరాలను కొద్ది నిమిషాలపాటు సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. దాన్ని విరగ్గొట్టే ఒక ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువ. అలాంటివారికి ఆ మందు ఇస్తే గంటల తరబడి ఊపిరి అందదు. ఈ లోపం ఆంధ్ర ప్రాంతపు వైశ్యుల్లో ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువని తేలింది. ఈ సంగతి ఎరిగిన మత్తు డాక్టరు ముందే జాగ్రత్తపడతాడు, ప్రాణం నిలుస్తుంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త తంగరాజ్‌గారు, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు ఇలాంటి ప్రత్యేక జబ్బులకు ఆస్కారమున్నవని గుర్తించారు. ఎవరో ముక్కూ మొహం తెలియనివారు తమ రక్తం ఇవ్వబట్టే ఇది తెలిసింది. వారిలో ప్రతి ఒక్కరూ "నాది నాకే" అనుకుని ఉంటే?

అయితే ఆ అవ్వ భయం ఉత్తదేమీ కాదు. అమెరికాలోని అరిజోనాలో హవసుపాయి అనే చిన్న గిరిజన తెగ ఉంది. వారిలో మధుమేహం ఎక్కువ. 1990 నుంచి పరిశోధకులు ఆ జబ్బు పేరు చెప్పి వారి రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తాన్ని మానసిక వ్యాధుల పరిశోధనకూ, ఆ తెగ పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారో తేల్చడానికీ వాడారు. తాము ఆ లోయలోనే పుట్టామన్నది వారి నమ్మకం. చెప్పకుండా జరిగిన ఈ పని వారిని ఎంతో గాయపరిచింది. వ్యాజ్యం నడిచి, 2010లో రాజీ కుదిరి, పరిహారంతోపాటు ఆ రక్తపు నమూనాలు కూడా తిరిగి వచ్చాయి.

అంత దూరం ఎందుకు? మన పొరుగున ఖమ్మం జిల్లాలో 2009లో వేలాది బాలికలకు ఒక టీకాను ప్రయోగాత్మక పథకం కింద వేశారు. ఎన్నో అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని తర్వాత బయటపడింది. పార్లమెంటరీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా, చెడ్డదా అన్నది వేరే మాట. బీదవాడి సంతకం మరొకరు పెట్టవచ్చుననుకోవడమే అసలు తప్పు. మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా చూడరాదని జర్మన్ తత్త్వవేత్త కాంట్ బోధించింది ఇందుకే.

మరి ఆ సమాచారం ఎవరిది? ఇచ్చినవాడిదా, తీసుకున్నవాడిదా?

పొలంలాగా, బంగారంలాగా దీన్ని ఆస్తి అనుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. నా పొలం అమ్మితే నా తమ్ముడి పొలం పోదు. కాని నా జన్యువుల రాత బయటపెడితే తమ్ముడిదీ, చెల్లెలిదీ, పుట్టబోయే మనవడిదీ కొంత బయటపడుతుంది. పేరు తీసేసినంత మాత్రాన గుట్టు నిలవదు. పేర్లు లేని జన్యు సమాచారం నుంచే కొందరి ఇంటిపేర్లను కనిపెట్టవచ్చునని 2013లో అమెరికా పరిశోధకులు చేసి చూపించారు.

నా మనసుకు తోచింది ఇది. నా రక్తంలోని రాత నా ఒక్కడిది కాదు. నా ఒక్కడిది కాదు గనుక, ఇతరుల ప్రాణానికి అక్కరకొచ్చినప్పుడు దాచిపెట్టుకోకూడదు. నా ఒక్కడిది కాదు గనుకనే ఇష్టమొచ్చినట్లు పారబోయనూ కూడదు. అది నా చేతికి అప్పగించబడినది. వస్తువులను సంపాదించి నిర్వహించుకునే హక్కు మనిషికి ఉన్నా, వాటి వినియోగంలో అవసరమున్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలని 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు బోధించారు. సెమినరీలో ఇది చదివినప్పుడు ధాన్యం, డబ్బు గురించేననుకున్నాను.

పంచుకోవాలి, కాపాడుకోవాలి. రెండూ ఒకేసారి ఎలా? ఇక్కడే క్లౌడ్ అనే మాట వస్తుంది. క్లౌడ్ అంటే మబ్బు. పేరు చూసి ఏదో ఆకాశంలో తేలుతుందనుకోవద్దు. ఎక్కడో పెద్ద భవనాల్లో వరుసలుగా అమర్చిన కంప్యూటర్లే అవి. ఒక మనిషి జన్యు సమాచారం ముడిరూపంలో సుమారు వంద గిగాబైట్లు ఉంటుంది. పదివేల మందిదైతే ఒక మామూలు కళాశాల తన కంప్యూటర్లలోకి దించుకోలేదు. అందుకే సమాచారం ఉన్నచోటికే పరిశోధకుడు తన ఊరినుంచి ప్రవేశించి, లెక్కలు అక్కడే కట్టి, ఫలితాన్ని మాత్రం తీసుకుపోయే ఉమ్మడి వేదికలు కడుతున్నారు. ఐదు లక్షల మంది స్వచ్ఛందంగా చేరిన బ్రిటన్‌లోని యు.కె. బయోబ్యాంక్ 2021లో ఇలాంటిది ప్రారంభించింది. డబ్బున్న సంస్థకే కాక చిన్న కళాశాలకూ అదే సమాచారం అందుతుంది. ఎవరు వచ్చారో, ఏం చూశారో లెక్క ఉంటుంది.

విచారణ గురువుకు ఈ పద్ధతి కొత్త కాదు. మా జ్ఞానస్నాన రిజిస్టరు గుడి గడప దాటదు. కావలసినవారు వచ్చి అడిగితే, అర్హత చూసి, కావలసినంత వరకే నకలు రాసి ఇస్తాం. రిజిస్టరు నాది కాదు, నేను దానికి కాపరిని మాత్రమే.

మన దేశంలో 2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకంలో సి.సి.ఎం.బి.తో సహా 20 సంస్థలు కలిసి 83 జనసమూహాల నుంచి పదివేల మందికి పైగా జన్యు సమాచారం సేకరించాయి. దాన్ని ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో భద్రపరచి, 2025 జనవరి 9న పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. తలుపులు బార్లా తెరవలేదు. దరఖాస్తు చేసి, షరతులకు ఒప్పుకున్నవారికే ప్రవేశం. మంచి ఆరంభమే. అయితే తలుపు ఎంత గట్టిదైనా కాపరి నమ్మకస్తుడు కాకపోతే ప్రయోజనం లేదు. ఆ నమ్మకాన్ని ప్రజలు అడిగి తీసుకోవాలి.

వారం తర్వాత ఆ యువకుడు తల్లినీ, భార్యనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆసుపత్రి వారిని నాలుగు ప్రశ్నలు అడగమన్నాను. ఈ సమాచారాన్ని దేనికి వాడతారు? ఎవరెవరు చూస్తారు? మేము మనసు మార్చుకుంటే ఏం చేస్తారు? దీనివల్ల మందు దొరికితే మావంటివారికి అందే ధరలో ఉంటుందా? మొదటి మూడింటికి సరైన జవాబులు దొరికాయట. నాలుగోదానికి ఎవరూ హామీ ఇవ్వలేకపోయారు. ఇది చిన్న లోటు కాదు. రక్తం బీదవాడిదీ, మందు ధనికుడిదీ అయితే అది పంచుకోవడం అనిపించుకోదు. ఈ ప్రశ్నను మనమందరం అడుగుతూనే ఉండాలి.

అయినా వారు సంతకం చేశారు. దానివల్ల తమ బిడ్డకు ఇప్పటికిప్పుడు ఒరిగేదేమీ లేదని వారికి తెలుసు. "మా ఇంట్లో ఇంకా పెళ్ళి కావలసినవాళ్ళున్నారు ఫాదర్‌గారూ, వాళ్ళ పిల్లలకైనా ఉపయోగపడుతుంది" అంది ఆ తల్లి.

ప్రియ పాఠకులారా, అలాంటి కాగితం మీ చేతికి వస్తే భయంతో చింపేయకండి, మొహమాటంతో సంతకమూ పెట్టకండి. చదివించుకోండి, అడగండి, ఇంట్లోవారితో కలిసి మాట్లాడుకోండి. ఆ తర్వాత మీ మనస్సాక్షి ఇవ్వమంటే మనసారా ఇవ్వండి.