రూపము మారినను తూకము మారదు

ప్రతి వస్తువునందును నిలుచు అంశమొకటి, మారు అంశమొకటి కలవు. నిలుచునది ద్రవ్యము, మారునది పర్యాయము అని జైన సిద్ధాంతము. ఈ సంగతి తెలియుటకు గొప్ప శాస్త్రములు తిరుగవేయ నక్కరలేదు. వంటింటిలోని కొబ్బరినూనె సీసాయే చాలును.

ముంబైలోని కామాటిపురా తెలుగువారి శ్రమకు గుర్తుగా నిలిచిన పేట. కట్టడపు పనులకై నిజాము రాజ్యమునుండి తరలివచ్చిన కామాటీలవలననే దానికాపేరు కలిగినది. జనవరి మాసమున ఆ నగరములో తెల్లవారుజామున 17, 18 డిగ్రీల చలి యుండును. మధ్యాహ్నమునకు ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరును. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలవద్ద పేరుకొనును. కావున చాళ్లలో ఉదయము తెల్లగా గడ్డకట్టిన నూనె, వరండాలో ఎండ తగులగానే కరిగి తేటపడును. ఒక్క పూటలో రెండు రూపములు; త్రాసులో పెట్టినచో తూకమొక్కటే.

కర్పూరపు రీతి వేరు. అది కరుగకయే ఆవిరియై గాలిలో కలియును. మూత సరిగా లేని డబ్బాలో బిళ్లలు నానాటికి చిక్కిపోవును. ద్రవ్యము నశింపలేదు, నిజమే. కాని అది పొట్లములో లేదు. మరి ఆ తరుగు ఎవరిది? అంగడిలో నుండగా పోయినది అంగడిదే. ఆ నష్టమును లెక్కించి బాహాటముగా ధర కట్టుట న్యాయము. దానిని దాచి, పాత తూకమునకు సొమ్ము పుచ్చుకొనుట న్యాయము కాదు.

ఇంతకంటె సూక్ష్మమైనది నూనె కొలత. వేడెక్కిన నూనె వ్యాకోచించును. ఒక లీటరు సోయా నూనె 21 డిగ్రీలవద్ద 919 గ్రాములు తూగగా, 60 డిగ్రీలవద్ద 893 గ్రాములకు మించదు. కొందరు ఉత్పత్తిదారులు ప్యాకెట్లపై 60 డిగ్రీలనాటి కొలతను అచ్చువేయుచుండిరి. ఉష్ణోగ్రత ప్రసక్తి లేకుండ కొలతను, దానితోపాటు తూకమును కూడ ముద్రింపవలెనని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ ఆదేశించినది.

అచ్చువేసిన అక్షరములో అబద్ధము లేదు. కాని ఏ యింటి అలమరలోను నూనె 60 డిగ్రీల వేడిలో నుండదు. నూనె ఉబ్బుట ప్రకృతి ధర్మము; అందు దోషము లేదు. ఆ ఉబ్బును లాభముగా మార్చుకొనుటయే దోషము. ఏలయన, ఆ లాభమునకు ఈడైన వస్తువు కొనువాని పాత్రలోనికి పోలేదు. తత్త్వార్థసూత్రము అస్తేయ వ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో తూనికలు కొలతలను హెచ్చుతగ్గులు చేయుటయు నొకటి.

చాళ్లలో చిన్న సీసాతో నూనెకు వచ్చు కూలివానికి డిగ్రీల లెక్క తెలియదు. తెలిసినవాడు వర్తకుడు. కావున బాధ్యతయు వానిదే. సరకు గడ్డయైనను, ద్రవమైనను, పర్యాయమును చూపి ద్రవ్యమును తగ్గింపకుండుటయే వర్తకధర్మము.