చేసినవాని బాధ్యత

వృత్తి యేదైనను దానియందు రెండు ప్రశ్నలు ఇమిడియుండును. ఈ పనివలన ఇంటికి అన్నము దొరకునా యనునది మొదటిది. ఈ పనివలన ఎదుటివానికి కీడు కలుగునా యనునది రెండవది. కుండలు చేయువాడును, బట్ట నేయువాడును ఈ రెండింటికిని తమ వీధిలోనే సమాధానము చెప్పుకొనెడివారు. కుండ కారినచో కొన్నవాడు మరునాడే గుమ్మములో నిలిచి యడుగును. ఈ కాలమున పుట్టిన కొన్ని వృత్తులలో మాత్రము చేసినవానికిని వాడుకొనువానికిని నడుమ సముద్రములే అడ్డముగా నున్నవి. అట్టివానిలో నొకటి యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైనరు వృత్తి. గేమ్ డిజైనరు వృత్తి దానికి తోబుట్టువు. ఏ సంస్థలోను ఉద్యోగిగా చేరక, పనికింత యని మాటాడుకొని, ఇంట కూర్చుండియే ఈ పనులు చేయు యువతీయువకులు నేడు తెలుగు కుటుంబములలోను కలరు. పిల్లవాడు రాత్రింబవళ్ళు కంప్యూటరు ముందు కూర్చుండి చేయుచున్న దేమో పెక్కుమంది తల్లిదండ్రులకు తెలియదు. కావున వృత్తిస్వరూపమును ముందు చెప్పి, పిమ్మట దాని ధర్మమును విచారించుట యుక్తము.

ఫోనులో బ్యాంకు తెర తెరచినప్పుడు ఏ మీట ఎక్కడ నుండవలెను, ఏ అక్షరము ఎంత పెద్దదిగా కనబడవలెను, పొరబాటున సొమ్ము వేరొకరికి పోకుండ ఎచ్చట నిలిపి మరల నడుగవలెను అనువానిని ఎవరో యొకరు ముందుగా ఆలోచించి గీయవలెను. వాడుకొనువారిని కలిసి మాటాడి, నమూనా గీసి, దానిని వారిచేతనే వాడించి చూచి, తడబడినచోట దిద్దుటయే ఈ వృత్తి. డొనాల్డ్ నార్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1988లో నిత్యజీవితములోని వస్తువుల రూపకల్పననుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. తలుపును నెట్టవలెనో లాగవలెనో తెలియక మనుష్యుడు తికమకపడినచో ఆ తప్పు మనుష్యునిది కాదనియు, తలుపును రూపొందించినవానిదనియు అతని వాదము. యూజర్ ఎక్స్‌పీరియన్స్ అను పేరును 1990ల తొలినాళ్ళలో ఆపిల్ సంస్థలో నుండి వ్యాప్తిలోనికి తెచ్చినవాడును అతడే. అనగా, తప్పును వాడుకొనువానిపై మోపక చేసినవానిపై నుంచుటతోనే ఈ వృత్తి మొదలైనదన్నమాట. ఈ సంగతి ముందు విచారమునకు పనికివచ్చును.

ఆటల రూపకర్త పని ఇంకను సూక్ష్మమైనది. ఏది గెలుపు, ఏది ఓటమి, దేనికి బహుమానము, దేనికి శిక్ష యని నిర్ణయించువాడు అతడు. తెలుగువారి ఇండ్లలో తరతరములుగా ఆడుచు వచ్చిన వైకుంఠపాళి ఇందుకు నిదర్శనము. నిచ్చెన పుణ్యమునకును, పాము పాపమునకును గురుతులుగా నిలిపి, పాచిక వేయు బాలునకు నీతిని నేర్పిన వాని పేరు నేడెవరికిని తెలియదు. అమెరికాలో ఎలిజబెత్ మాగీ యను స్త్రీ, భూమిని గుప్పిట పట్టినవాడు తక్కినవారిని ఎట్లు దరిద్రులను చేయునో చూపదలచి యొక ఆటను కల్పించి 1904లో పేటెంటు పొందెను. ఆ వంశములో పుట్టినదే మోనోపలీ యను ఆట. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొనివేసెను. ఆమె ఏ గుణమును నిందింప దలచెనో ఆ గుణముతోనే గెలుచు ఆట లోకమంతట వ్యాపించెను. చేసినది చేయి దాటిన పిమ్మట దానిమీద చేసినవాని మాట చెల్లదు. చెల్లునది ఇచ్చుటకు ముందే.

ఇక ఫ్రీలాన్స్ అను మాట. కూలికి యుద్ధము చేయు సైనికులను చెప్పుటకు వాల్టర్ స్కాట్ 1819 నాటి ఐవన్‌హో నవలలో ఈ మాటను వాడెను. ఏ ప్రభువునకును ప్రమాణము చేయని బల్లెమని దాని భావము. బల్లెము ఎవనికిని కట్టుపడలేదు సరే, అది ఎవని గుండెలో దిగినదో ఆ లెక్క ఎవరిది? రెండు వందల యేండ్లనాటి ఆ ప్రశ్నయే నేటి స్వతంత్ర రూపకర్త యెదుటను నిలిచియున్నది.

ప్రశ్న యెట్లు వచ్చునో చూడుడు. ఒక వ్యాపారి చందాతో నడచు సేవను పెట్టి, చేరుటకు పెద్ద మీటను, మానుకొనుటకు కంటికి ఆనని చిన్న అక్షరములను గీయమనును. ఒకడు రెండు వస్తువులే మిగిలినవని అబద్ధపు తొందర పుట్టింపుమనును. మరియొకడు కొనువాడు కోరని వస్తువును బుట్టలో ముందే చేర్చి యుంచుమనును. ఇట్టి కపటరచనలకు హ్యారీ బ్రిగ్నల్ అను ఇంగ్లండు రూపకర్త 2010లో డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టెను. భారత దేశమున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీనిలో 13 విధములను పేర్కొని నిషేధించెను.

ఆటలలో ఈ కపటము మరింత లోతుగా పనిచేయును. ఎన్నిమార్లు నొక్కినచో గింజ పడునో తెలియనప్పుడు పావురము విడువక మీటను పొడుచుచునే యుండునని స్కిన్నరు అను మనశ్శాస్త్రజ్ఞుడు ప్రయోగములతో చూపెను. ఆ సూత్రమునే పట్టుకొని, లోన ఏమున్నదో తెలియని పెట్టెలను సొమ్ము తీసికొని అమ్ము ఆటలు బయలుదేరినవి. బెల్జియము 2018లో అట్టివానిని జూదముగా పరిగణించెను. ఫోర్ట్‌నైట్ ఆటలో మీటల అమరికవలన ఆడువారు కోరని కొనుగోళ్ళు చేసిరనియు, పిల్లల వివరములు అనుమతి లేక సేకరింపబడెననియు అమెరికా ప్రభుత్వ సంస్థ మోపిన అభియోగములపై, 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ సంస్థ 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. పందెపు ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను చట్టముచే అరికట్ట చూచినవి. 2025 ఆగస్టులో కేంద్రమును చట్టము చేసెను. అప్పటికే ఎన్ని ఇండ్లలో అప్పులు పేరుకొన్నవో ఊరూర చెప్పగలరు. ఆ ఆటల తెరలు ఆకాశమునుండి రాలినవి కావు. వానిని ఎవరో కూర్చుండి గీసిరి.

ఇచ్చట పూర్వపక్షము మూడు విధములుగా వినబడును.

మొదటి వాదము: "చేయి మాత్రమే నాది, బుద్ధి సొమ్మిచ్చినవానిది. కావున మంచిచెడ్డలు అతనివే." ఇది నిలువదు. గీతలు గీయుటకు యంత్రమే చాలును. వ్యాపారి వెల పెట్టి కొనుచున్నది మనుష్యుని కన్ను ఎచ్చట వ్రాలునో, మనస్సు ఎచ్చట లొంగునో తెలిసిన జ్ఞానమును. జ్ఞానమునకు వెల పుచ్చుకొనునప్పుడు తెలిసినవాడనై, నింద వచ్చునప్పుడు తెలియనివాడ ననుట చెల్లదు. చట్టము సయితము ఇట్లే తలచుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము 57వ సెక్షను ననుసరించి, హక్కులను అమ్మివేసిన పిమ్మటను తన కృతికి తానే కర్తనని చెప్పుకొను హక్కు కర్తకు మిగిలియుండును. కీర్తికి పేరు నిలుపుకొనువాడు అపకీర్తికి పేరు తీసివేయుమనరాదు. పైగా తికమక తలుపు చేసినవానిదే తప్పను సూత్రముమీద బ్రదుకు వృత్తి ఇది. తెలియక చేసిన తికమకకే బాధ్యత యున్నప్పుడు తెలిసి చేసినదానికి లేకుండునా?

రెండవ వాదము: "నేను కాదన్నచో మరియొకడు చేయును." ఇది నిజము కావచ్చును. తెర గీయబడవచ్చును, మోసపోవువారు మోసపోవచ్చును. అయినను ఇతరుడు చేయునను ఊహ తన చేతిని శుద్ధి చేయజాలదు. మరియొక సంగతి కలదు. కపటరచనకు పేరు పెట్టిన బ్రిగ్నల్ పరిపాలకుడు కాడు, న్యాయమూర్తి కాడు. ఈ వృత్తిలోనివాడే. వృత్తి లోనివాడు లేచి ఇది తప్పని పేరు పెట్టి చెప్పిన 13 యేండ్లకు ఆ పేరు మన దేశపు ప్రభుత్వ పత్రములలోనికి వచ్చినది. కాదన్న మాట వెంటనే ఫలింపకున్నను వ్యర్థమగునని చెప్పరాదు.

మూడవ వాదము: "ఇంట అన్నము లేదు." ఇది తక్కిన రెండింటివంటిది కాదు. దీనిని తేలికగా త్రోసివేయువాడు ధర్మము తెలియనివాడు. స్వతంత్రవృత్తిలో నెలజీతము లేదు, భవిష్యనిధి లేదు, జబ్బుపడిన దినమునకు కూలి లేదు. పూర్తిచేసి యిచ్చిన పనికే నెలల తరబడి సొమ్ము రాక ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాయువారు కలరు. ఉద్యోగి ఒక పనిని కాదన్నచో పదవి పోవుననుట నిజమే. స్వతంత్రుడు ఒక పనిని కాదన్నచో పోవునది ఆ యొక్క పనియే. కాని ఆ నెలలో ఉన్న పని అది యొక్కటియే కావచ్చును.

కావున ధర్మము అందరిని ఒక్క తూనికతో తూచదు, పనులను విడదీసి చూచును. అంగడివాడు తన సరకును గొంతెత్తి పొగడవచ్చును. మీటకు ముచ్చటైన రంగు వేయుట అట్టిది. అందు దోషము లేదు. వినువాని చెవి దిమ్మెక్కునట్లు మాటిమాటికి పిలుచుట విసుగు పుట్టించును. అట్టి పని వచ్చినచో తన అభ్యంతరమును వ్రాతమూలముగా తెలిపి, తగ్గింపగలిగినంత తగ్గించి చేయుట అవసరము గలవానికి క్షమింపదగినది. తక్కెడలో వ్రేలు వేయుట వేరు. ఎదుటివాడు తన సొమ్ము ఎచ్చటికి పోవుచున్నదో తెలిసికొనకుండ చేయుటయు, ఆపుట తెలియని పసివానిని ఆటకు కట్టివేయుటయు తక్కెడలో వ్రేలు వేయుటలే. ఆకలి సయితము దీనిని ధర్మముగా మార్చదు. ఏలయన ఇచ్చట ఒక ఇంటి ఆకలి తీరుటకు తమకు తెలియకుండనే వేయి ఇండ్లు వెల చెల్లించుచున్నవి.

ఆకలికి ఆవల మరియొక పరీక్ష కలదు. అది అతిలాభము. వియత్నాం రాజధాని హనోయిలో డాంగ్ న్గుయెన్ అను యువకుడు ఒంటరిగా ఫ్లాపీ బర్డ్ అను చిన్న ఆటను చేసి 2013 మే నెలలో విడుదల చేసెను. 2014 తొలినాళ్ళకు అది లోకమంతట వ్యాపించెను. ప్రకటనలవలన దినమునకు 50,000 డాలర్ల రాబడి యని పత్రికలు వ్రాసినవి. 2014 ఫిబ్రవరిలో అతడు దానిని తానే తొలగించి, అది వ్యసనమైపోయినందున తీసివేసితినని చెప్పెను. వ్యసనము లేనివారి నిర్దోషమైన వినోదమును కూడ తీసివేసెనే, నియమములను దిద్ది యుంచరాదా యని యడుగువారు కలరు. ఆ యాక్షేపణలో సారము లేకపోలేదు. అనుకరణములు వెంటనే పుట్టినవి. 2024లో ఇతరులు ఆ పేరుతోనే ఆటను మరల తెత్తుమని ప్రకటింపగా, తనకు దానితో సంబంధము లేదని అతడు తెలుపవలసి వచ్చెను. లోకము మారకపోయినను, స్వతంత్రుడను మాటకు అర్థమేమో ఆతని చేతలో కనబడినది. అతనిని ఆపుమన్న యజమాని లేడు, ఆజ్ఞాపించిన న్యాయస్థానము లేదు.

పండ్రెండవ శతాబ్దపు కల్యాణములో శరణుల చరిత్రమందు ఇట్టి కథయే కలదు. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జీవించెడివాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ అంగీకరింపక, మిగులు బియ్యమును తెచ్చినచోటనే విడిచి రమ్మని పంపెను. శ్రమపడినంతమాత్రమున పని కాయకము కాదు. దొంగయు రాత్రియంతయు శ్రమపడును. ఆ శ్రమవలన ఎవని పాలిది ఎవని ఇంటికి చేరుచున్నదో చూచినపుడే అది కాయకము.

స్వతంత్రముగా పనిచేయువారు ఆచరింపగల నియమములు కొన్ని కలవు. పనిని ఒప్పుకొనుటకు ముందే, దీనిని వాడువా రెవరు, పొరబడినచో వారు పోగొట్టుకొనునది యేమి యని యడిగి తెలిసికొనవలెను. కపటరచన చేయనని ఒప్పందపత్రములోనే వ్రాసికొనవలెను. తరువాత వాదించుటకంటె ముందు వ్రాయుట సులభము. కొంత సొమ్ము ముందుగా పుచ్చుకొనవలెను. గీసిన తెరను చదువు తక్కువైన పెద్దలచేతికిచ్చి, చందా మానుకొనుమని చెప్పి చూడవలెను. వారికి దారి కనబడనిచో తెర అబద్ధమాడుచున్నదని గ్రహింపవలెను. కొన్ని నెలల గ్రాసమునకు చాలినంత నిలువ చేసికొనవలెను. కాదనుటకు ధైర్యమొక్కటియే చాలదు, ఇంట బియ్యమును కావలెను.

ఈ కడపటి నియమము పనివానికి మాత్రమే కాక కుటుంబమునకును చెందినది. మిగులు బియ్యమును వెనుకకు పంపినది ఏరినవాడు కాదు, ఇంటనున్న ఇల్లాలు. పిల్లలను ఈ నెల ఎంత వచ్చినదని మాత్రమే యడుగు ఇంటిలో, కాదన్న పని పోగొట్టుకొన్న పనిగా లెక్కింపబడును. అట్టి ఇంటి బిడ్డ రెండవమారు కాదనుటకు జంకును. ఏ పని వచ్చినది, ఎవరు వాడుదురు, దేనిని ఎందుకు వద్దంటివి అని అడిగి, తక్కువ వచ్చిన నెలలో రెండు కోరికలను వాయిదా వేసికొనగల ఇంటిలో ఆ బిడ్డ తెల్లవారి మరియొక పనికై నిశ్చింతగా ఉత్తరము వ్రాసికొనగలడు.