సంచిలో పడవ ఉందా?

మడత కయాక్‌ను విప్పి సంచిలో సర్దాక అక్కడ పడవ ఉన్నట్టా, లేనట్టా? అవయవాలు (భాగాలు), అవయవి (వాటితో ఏర్పడే వస్తువు) అంటూ భారతీయ దర్శనాలు వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్న ఇది. తెలంగాణలోని బోధన్ సీమకు ఇలాంటి వాదాలు కొత్త కాదు. ఈ ఊరే అశ్మక జనపదపు రాజధాని పోదన అని పలువురు చరిత్రకారులు గుర్తించారు. గోదావరి ఒడ్డున అశ్మక సీమలో ఉన్న బావరి అనే బ్రాహ్మణుడు తన పదహారుగురు శిష్యులను ప్రశ్నలతో బుద్ధుడి దగ్గరికి పంపాడని సుత్తనిపాతం చెబుతుంది.

ఇక పడవ సంగతి. మ్యూనిక్ విద్యార్థి ఆల్ఫ్రెడ్ హాయ్‌రిష్ 1905లో చేసిన మడత పడవ హక్కులను 1907లో యోహాన్ క్లెప్పర్ అనే దర్జీ కొన్నాడు. దర్జీ కొనడంలో వింతేమీ లేదు, ఇందులో సగం కుట్టుపనే. కర్ర పక్కటెముకలు, పొడుగు బద్దలు, వాటికి తొడిగే రబ్బరు అడుగున్న గుడ్డ, అంచుల్లో గాలిగొట్టాలు. బద్దలు బిగించి గొట్టాల్లో గాలి నింపితే తొడుగు బిర్రుగా లాగుకుంటుంది. వెదురు చట్రానికి తోలు చుట్టిన పాతకాలపు పుట్టి దీనికి దూరపు చుట్టం.

సంచిలోని ముక్కల ప్రశ్నే బౌద్ధ గ్రంథం మిళిందపన్హలోనూ ఉంది. అందులో నాగసేనుడనే భిక్షువు మిళింద రాజును రథం గురించి భాగం భాగంగా అడుగుతాడు. ఇరుసు రథం కాదు, చక్రం కాదు, నొగ కాదు. రథమనేది ఆ కలయికకు పెట్టుకున్న పేరు మాత్రమే. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, దీన్ని ఒప్పుకోరు. వారి మతంలో అవయవి అవయవాలకు వేరైన ద్రవ్యం, అవి విడిపోతే అదీ నశిస్తుంది. ఆ లెక్కన మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే కందకుర్తి దగ్గర ఇవాళ కట్టిన పడవ వేరు, దాన్నే విప్పి రేపు పోచంపాడులో కట్టేది వేరు. డబ్బు మాత్రం ఒక్క పడవకే కట్టారు!

అయినా న్యాయమతాన్ని నవ్వి తోసేయలేం. విడిచక్రమైనా దొర్లుతుంది గాని, సంచిలోని ఏ ముక్కా మనిషిని నీటి మీద మోయదు. మోసేది బిగువు, ఆ బిగువు ఏ ముక్కలోనూ లేదు. ఆ బిగువూ కారణాలు కూడితే పుట్టింది, విడితే పోయింది అంటాడు బౌద్ధుడు. కొనేవారికి బౌద్ధుడి ఈ మాటే ఎక్కువ అక్కరకొస్తుంది. ముక్కల నాణ్యత చూస్తే చాలదు. కళ్లెదుట కట్టించి, తొడుగు ముడతల్లేకుండా బిగిసిందో లేదో తడిమి చూడాలి. వదులు తొడుగుతో అలల్లో పడవ నడుం ఊగుతుంది. సరిగ్గా బిగిస్తే ఇది సముద్రాన్నీ దాటుతుంది: 1956లో హాన్నెస్ లిండెమాన్ అనే సాహసి రెండు సీట్ల క్లెప్పర్ పడవకు తెరచాప కట్టి 72 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. అయితే దీని అడుగు లోతు తక్కువ కాబట్టి పక్కపలకలు లేకుండా చాప ఎత్తితే, శ్రీరాంసాగర్ వంటి వెడల్పు జలాశయంలో గాలి అడ్డంగా తోసేస్తుంది. ఇంకో జాగ్రత్త, తడి తొడుగును మడిచిపెడితే గుడ్డకు బూజు పడుతుంది.

అలగద్దూపమ సుత్తంలోని తెప్ప కథకు ఈ పడవ ఎదురు తిరిగినట్టే కనిపిస్తుంది. తెప్పతో ఏరు దాటినవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని పోవడం తగునా అని బుద్ధుడు అడిగితే, తగదన్నారు భిక్షువులు. మడత కయాక్ పుట్టిందే మోసుకుపోవడానికి. కాని బుద్ధుడు తప్పుపట్టింది బరువును కాదు, మేలు చేసిందని పట్టుకు వేలాడడాన్ని. కందకుర్తిలో ఒడ్డెక్కి సంచి భుజానికెత్తినవాడికి ముందు నిజాంసాగర్ జలాశయం ఉంది. కథలోనివాడు దాటాల్సిన ఏరు ఒక్కటే, అదీ దాటేశాడు. భిక్షువులు దాటాల్సిందీ ఒక్కటే కనుక, దాటాక ధర్మాన్ని సైతం వదలాలని ఆ సుత్తం వారికి చెబుతుంది.