ఊరకుండుట ప్రేమయగునా?

ధ్యాన భాగములు: 2 సమూయేలు 13:1–22, ఆదికాండము 39:7–20, ద్వితీయోపదేశకాండము 19:16–18



సంఘములో గాని సంఘపు బడిలో గాని ఒక చెడ్డ సంగతి బయలుపడినప్పుడు మన నోట మొదట వచ్చు మాట ఏది? “ఇది రచ్చకెక్కనీయవద్దు” అనునదియే గదా. ప్రేమ పాపములను కప్పునని పేతురు వ్రాసెను గదా యని వాక్యమును కూడ దానికి తోడు చూపుదుము. ఈ మాసము మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇది: బిడ్డకు హాని జరిగినదని విన్నప్పుడు ఊరకుండుట ప్రేమయగునా? విచారించుట ప్రేమకు విరోధమగునా?

చాల సంవత్సరముల క్రిందట మేము పెద్దలుగా కూర్చున్న ఒక సభకు ఇట్టి సంగతియే వచ్చినది. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తన ఉపాధ్యాయునిగూర్చి తల్లితో చెప్పుకొన్నది. తల్లి కొంగు నోటికడ్డము పెట్టుకొని మా యెదుట నిలిచినది. మేము ప్రార్థన చేసితిమి. ఉపాధ్యాయుని వేరొక ఊరికి మార్పించితిమి. బాలికను ఇంటివారు బడి మాన్పించిరి. సంఘము పరువు నిలిచినదని ఆ సాయంకాలము సంతోషముతో ఇండ్లకు పోతిమి. కాని ఆ బిడ్డను ఎవరును నెమ్మదిగా కూర్చుండబెట్టి అడుగలేదు. ఆ ఉపాధ్యాయుని కూడ ఎవరును అడుగలేదు. అతడు దోషియైనయెడల మరియొక ఊరి బిడ్డలయొద్దకు అతనిని పంపినవారము మేమే. నిర్దోషియైనయెడల మరణపర్యంతము అతనిమీద నింద మోపినవారము మేమే. ఈ రెంటిలో ఏది చేసితిమో నేటికిని మాకు తెలియదు. ఇది మా మనస్సాక్షిమీద ఇంకను బరువుగానే యున్నది.

ఇట్టి తప్పు మనవంటి చిన్న ఊళ్లలోనే కాదు, గొప్ప పట్టణములలోను జరిగినది. అమెరికా దేశమందలి చికాగో నగరములో ప్రభుత్వ పాఠశాలలయందు మూడు లక్షలకు పైగా పిల్లలు చదువుకొనుచున్నారు. 2018 జూన్ నెలలో చికాగో ట్రిబ్యూన్ అను దినపత్రిక ఆ బడులనుగూర్చి కొన్ని వ్యాసములు ప్రకటించెను. 2008 మొదలు 2017 వరకు ఆ పాఠశాలల ఆవరణలలోనే బిడ్డలపై లైంగిక అత్యాచారము జరిగినదని పోలీసులు విచారించిన సంగతులు 523 అని అందులో వ్రాసిరి. అనగా సగటున వారమునకొకటి! పోలీసులకు గాని శిశు సంక్షేమ శాఖకు గాని వెంటనే తెలుపవలెనని చట్టమున్నను, కొందరు ఉపాధ్యాయులును ప్రధానోపాధ్యాయులును తెలుపలేదు. మొరపెట్టిన పిల్లలచేత అదే కథను పలువురి యెదుట పలుమారు చెప్పించిరి.

అంతకంటె ఆలోచింపదగినది మరియొకటి కలదు. ఆ మొరలను విచారించుచుండినది పాఠశాలల స్వంత న్యాయశాఖయే. ఎవరైన కోర్టుకెక్కినయెడల పాఠశాలల పక్షమున నిలువవలసినదియు ఆ శాఖయే. ఇంటి పరువు కాపాడవలసినవాడే ఇంటిలోని తప్పును వెదకిన, అతని కన్ను ఎటు తిరుగును? మేము సభలో కూర్చున్న రీతియు అదియే గదా. ఆ 2018వ సంవత్సరమందే చికాగో విద్యా బోర్డువారు పెద్దలు పిల్లలపై చేసిన తప్పుల విచారణను ఆ శాఖనుండి తీసి, స్వతంత్రముగా పనిచేయు ఇన్‌స్పెక్టరు జనరలు కార్యాలయమునకు అప్పగించిరి. ఈ పనికొరకే అక్కడ ప్రత్యేక విభాగము ఏర్పడినది.

అట్టి విభాగములో సీనియరు విచారణాధికారి పని ఎట్టిది? అతడు శిక్షించువాడు కాడు. ఉద్యోగమునుండి తీసివేయుట బోర్డువారి పని. నేరమునకు శిక్ష విధించుట కోర్టు పని. ఇతని పని వినుట, వెదకుట, కనుగొన్నది ఉన్నదున్నట్లు వ్రాయుట. బిడ్డను “అతడు నిన్ను ముట్టెనా?” యని అడిగి నోటికి మాట అందింపరాదు; “ఏమి జరిగినదో చెప్పు” అని అడిగి ఓపికతో వినవలెను. గాయపడిన బిడ్డను పదిమంది పదిసార్లు అడుగకుండ, శిక్షణ పొందిన ఒకరే అడుగుటకు అక్కడ ప్రత్యేక గృహములు కలవు. అట్టి మొదటి గృహము 1985లో అలబామా రాష్ట్రములోని హంట్స్‌విల్ పట్టణమున ఆరంభమైనది. ఆ పిమ్మట నింద మోపబడినవానిని కూడ పిలిచి, అతని మాటను అంతే శ్రద్ధతో వినవలెను.

“ఇద్దరు ముగ్గురు సాక్షులు లేరు గదా” యని మన పెద్దలు అందురు. ఇట్టి పాపము సాక్షుల యెదుట జరుగునా? పొలములో ఒంటరిగానున్న చిన్నది కేకవేసినను రక్షించువాడు లేకపోవచ్చునని మోషే ధర్మశాస్త్రమే ఒప్పుకొని, ఆమెయందు దోషములేదని తీర్చినది (ద్వితీ. 22:25–27). అయినను విచారించువానికి వేరు సాక్షులు దొరకును. హాజరు పుస్తకము, గది తాళపుచెవి ఎవరియొద్ద నుండెనను సంగతి, రాత్రివేళ ఫోనులో పంపిన సందేశములు, “ఎవరితోను చెప్పకు” అని ఇచ్చిన చిన్న బహుమానములు — ఇవియన్నియు సాక్ష్యము పలుకును. చేను మేయదలచిన కంచె ఒక్కదినమున మేయదు. మొదట బిడ్డ నమ్మకమును మెల్లగా మేయును.

ఇప్పుడు లేఖనములను చూతము. తామారుకు అన్యాయము జరిగినప్పుడు స్వంత అన్నయే ఆమెను మౌనముగా నుండుమనెను. తండ్రియైన దావీదు మిక్కిలి కోపపడెను గాని ఏమియు చేయలేదు. ఆమె అన్న యింట పాడైపోయి బ్రతికెను. ఆ మౌనములోనుండి హత్యయు తిరుగుబాటును పుట్టెను. యోసేపు సంగతి దీనికి వేరు. అతనిమీద మోపబడినది అబద్ధము. యజమానుడు భార్య మాట విని కోపముతో మండిపడి, ఒక్క ప్రశ్నయైన అడుగక అతనిని చెరసాలలో వేయించెను. తామారు నిజము చెప్పినది, యోసేపు నిర్దోషి, ఇద్దరును నశించిపోవలసినవారైరి. ఏలయనగా ఇద్దరి విషయములోను విచారించినవాడు లేడు! దావీదునకును పోతీఫరునకును కోపమునకు కొదువలేదు. సత్యమును వెదకు ఓపికయే లేకపోయెను. కావుననే వివాదములోనున్న ఇద్దరును యెహోవా సన్నిధిని నిలువవలెననియు, న్యాయాధిపతులు లోతుగా పరిశీలింపవలెననియు ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది.

అట్లయిన పేతురు మాట ఏమగును? ప్రేమ మనకు జరిగిన తప్పును కప్పును. ఇతరుల బిడ్డకు జరిగిన హానిని కప్పుటకు మనకు అధికారమెవరిచ్చిరి? చీము పట్టిన పుండుపై తెల్లబట్ట కప్పినంతమాత్రమున అది మానదు. ఏలీ తన కుమారుల దోషమెరిగియు వారిని అడ్డగింపలేదు గనుక దేవుడు అతని యింటికి తీర్పు తీర్చెను (1 సమూ. 3:13). ఆ కుమారులు పాపము చేసినది ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దనే యని మరువకూడదు.

మన దేశములోను 2012 నవంబరు 14 నుండి పోక్సో చట్టము అమలులో నున్నది. పద్దెనిమిదేండ్లలోపు బిడ్డకు ఇట్టి హాని జరిగినదని తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలెను. తెలుపక దాచినవానికి ఆరు నెలలవరకును, సంస్థను నడుపుచు దాచిన అధికారికి ఒక సంవత్సరమువరకును చెరశిక్ష విధింపవచ్చును. బిడ్డ వాంగ్మూలమును ఇంటివద్దనే, పోలీసు దుస్తులు ధరింపక, సాధ్యమైనంతవరకు స్త్రీ అధికారియే తీసికొనవలెను. బిడ్డ పేరు బయటపెట్టరాదు. బడిలోనివారు గాని మతసంస్థలోనివారు గాని అక్కడి బిడ్డపై అత్యాచారము చేసినయెడల దానిని మరింత ఘోరమైన నేరముగా ఈ చట్టము ఎంచినది. బడియు గుడియు ఒకే వరుసలో నున్నవి, చూడుడి! ఆనాడు మేము చేసినపని నేడైతే నేరమే.

కాబట్టి ఇట్టి సంగతి మీ చెవిని బడిన, సభ చేసి తీర్పు తీర్చకుడి, ఊరంతయు చాటకుడి, రాజీ కుదుర్పకుడి. బిడ్డతో “నీవు చెప్పినది మంచిపని” అని చెప్పి, పోలీసులకు గాని 1098 నంబరునకు గాని ఆ దినమే తెలుపుడి. నింద పడినవానిని కొట్టకుడి, వెళ్లగొట్టకుడి, దాచకుడి. అయితే విచారణ ముగియువరకు పిల్లలయొద్దకు పోనీయకుడి. తరువాత ఆ తల్లి యింటికి పోయి, ఆమెతో కూర్చుండుడి.

ప్రభువా, పరువుకొరకు మేము కప్పిన వాటిని క్షమించుము. చిన్నవారి మొర వినుటకు చెవిని, సత్యము వెదకుటకు ఓపికను మాకు దయచేయుము. ఆమేన్.