కాగితం ఎవురిది?

మాది కుప్పం పక్కన మాలపల్లె. చదివింది మదనపల్లెలో, వుద్యోగం పుంగనూరులో. పుంగనూరికి ఇప్పటికీ రైలు లేదు. అట్లాంటి వూళ్ళో కూచోని పాత రైలు కంపెనీల వాటా కాగితాలు పోగేస్తున్నానంటే నవ్వుతారు.

బెంగుళూరులో కొన్న మద్రాసు రైల్వే కంపెనీ కాగితాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించినాను. అమ్మ చూసి, "ఎవుడిదో కాగితాన్ని ఇంత పదిలంగా పెట్టుకున్నావే, మీ తాత పార యాడుందిరా?" అనింది.

నాకు నోట మాట రాలేదు. తాత కుప్పం కాడ రైలుకట్ట మీద కంకర ఎత్తిన కూలి. ఆయన పారను పాత ఇనుముకు వేసింది నేనే.

ఆ కంపెనీ 1850లలో లండన్‌లో పుట్టింది. 1864లో జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బెంగుళూరికి రైలు తెచ్చింది. వాటాదారులకు ఏటా 5 శాతం దాకా వడ్డీకి సర్కారు హామీ. రైలుకు అంత రాబడి రాకుంటే, తక్కువ పడింది ఈ దేశం పన్నుల్లోంచి కట్టినారు. వాటిల్లో వుప్పు మీద పన్నూ వొకటి. అంటే, సంగట్లో వుప్పేసుకున్న మా ముత్తవ్వ కూడా ఆ రైలుకు డబ్బు కట్టింది. ఆమె పేరున కాగితం మాత్రం లేదు.

1876-78 కరువులో కూడా ఆ హామీ పోలేదు. 1877లో కరువు పనికొచ్చిన మగకూలికి రోజుకు వొక పౌను ధాన్యం, అంటే అరకేజీ కన్నా తక్కువ, దానిపైన వొక అణా చాలునని టెంపుల్ దొర లెక్కగట్టినాడు. వడ్డీకి హామీ వుంది. కడుపుకు లేదు.

సర్కారు ఆ కంపెనీని కొనేసి నూరేండ్లు దాటింది. వాటాదారులకు ఖరీదు ముట్టింది. నా గోడ మీది కాగితం ఇప్పుడు దేనికీ చెల్లదు. అయినా డబ్బిచ్చి కొన్నాను. చెల్లాల్సిన బాకీ వుండీ కాగితం లేనోళ్ళ మాటేంది? సొంతదారుడంటే కాగితం వున్నోడా, వొళ్ళు అరగదీసుకున్నోడా? మీరే చెప్పండి.

డి.కె.టి. పట్టా కోసం చెప్పులరిగేలా తిరిగిన మా నాయిన, "కాగితముంటేనే మనిషిరా" అనేవాడు. ఆ మాట నమ్మి నేను కాగితానికి మొక్కినాను, పారను పారేసినాను. దొరల లెక్కే నా లెక్కయిపోయింది.

కాగితాన్ని గోడ మీంచి తీసెయ్యలేదు. మన కష్టం ఎవురి పేరున జమైందో అది చెప్తుంది. అయితే ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మను కూచోబెట్టి రాసుకుంటున్నాను: తాత యాడ పనిచేసినాడు, ఎంత కూలిచ్చినారు, ఆయనతో గంప ఎత్తిందెవురు అని. ఇది మా వాటా కాగితం. అడుగున అమ్మ వేలిముద్ర వేయిస్తాను.